మన పన్ను లెక్క మన చేతితో

(శ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ మాసంలో ఇబ్రహీంపట్నంలో జరిగిన సత్సంగ సభలో, పద్దుల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక భక్తుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

 

పురాణ శ్రవణానికి అలవాటుపడిన ఈ మంటపంలో ఆదాయపు పన్ను గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ మాట తెలిసి కొందరు మిత్రులు నవ్వారు. నవ్వదగిన విషయమే. అయితే మన ఊరి వైపు ఒకసారి చూడండి. 1979లో ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో తొలి యూనిట్ పనిచేయడం మొదలైన నాటి నుంచి ఈ కృష్ణాతీరానికి నెలజీతం అనేది అలవాటైంది. ఆనాడు పాతికేళ్ల ప్రాయంలో కొలువులో చేరినవారు నేడు మనుమలను చేయి పట్టుకుని గుడికి వస్తున్నారు. వారితోపాటు బడిపంతుళ్లు, రైల్వే ఉద్యోగులు, బ్యాంకు ఉద్యోగులు ఎందరో ఈ సభలోనే ఉన్నారు. అంటే ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి పింఛను ఉన్నది, బ్యాంకులో డిపాజిట్టు ఉన్నది, ఏడాదికి ఒకసారి ప్రభుత్వానికి సమర్పించవలసిన పత్రం ఉన్నది. జూలై 31తో ముగియవలసిన గడువును ఈ ఏడాది సెప్టెంబరు 15 వరకు పొడిగించారు కనుక ఇంకా కొన్ని వారాలు మన చేతిలో ఉన్నాయి. ఆ పత్రంలోని లెక్కను ప్రతివారూ ఒక తెల్ల కాగితం మీద తమ చేతితో తాము వేసుకోవాలని చెప్పడానికే నేను వచ్చాను.

చేతితో అన్నానని కాగితపు రిటర్ను రాసి ఆదాయపు పన్ను కార్యాలయానికి తీసుకువెళ్లమని అర్థం కాదు. ఆ సౌకర్యం ఇప్పుడు 80 ఏళ్లు నిండినవారికి మాత్రమే, అదీ ఐటీఆర్-1, ఐటీఆర్-4 ఫారాలకే మిగిలింది. 75 ఏళ్లు దాటి, పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం లేక, ఆ వడ్డీ కూడా పింఛను జమ అయ్యే బ్యాంకులోనే వచ్చేవారు ఆ బ్యాంకుకు ఒక ప్రకటన ఇస్తే, బ్యాంకే పన్ను కట్టి వారికి రిటర్ను బాధ్యత లేకుండా చేస్తుంది. మిగిలిన మనమందరం కంప్యూటరు ద్వారానే దాఖలు చేయాలి. మీట మీరు నొక్కినా, మనుమడు నొక్కినా, నెట్ సెంటరు కుర్రవాడు నొక్కినా నాకు అభ్యంతరం లేదు. మీట నొక్కేముందు ఆ అంకెలు మీ కాగితం మీద, మీ దస్తూరిలో ఉండాలి. నేను కోరేది అంతే.

ఎందుకింత పట్టుదల అంటారా? మనం వ్రతం చేసుకునేటప్పుడు మంత్రం పురోహితులే చెబుతారు. కానీ సంకల్పంలో గోత్రం మనది, నామం మనది. ఆ సమయానికి ఆయన ఆగి, మన నోటితో చెప్పిస్తారు. రిటర్ను చివర కూడా అటువంటి సంకల్పమే ఒకటి ఉన్నది. ఫలానావారి కుమారుడనైన, లేదా కుమార్తెనైన నేను, ఇందులో రాసినదంతా నాకు తెలిసినంతవరకు, నేను నమ్మినంతవరకు సత్యమని, సంపూర్ణమని ప్రకటిస్తున్నాను అనే అర్థం గల ప్రతిజ్ఞ అది. దానిని ధ్రువపరచేది మన ఫోనుకు వచ్చే ఓటీపీ. మనలో ఎందరమో ఆ ఆరు అంకెలను ఫోనులో చదివి చెప్పి, పని అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటున్నాం. ఏ సత్యానికి సాక్ష్యం చెప్పామో మనకే తెలియదు.

ఇటువంటి అలవాటు మనకు కొత్తది కాదు. పూర్వం గ్రామంలో శిస్తు లెక్క కరణంగారి కవిలెకట్టలో ఉండేది. ఆయన చెప్పినది రైతు కట్టేవాడు. ధర్మాత్ములైన కరణాలు ఎందరో ఉన్నారు, కాదనను. కానీ కాగితంలో ఏమున్నదో తెలియని రైతు కరణంగారి మంచితనం మీదనే బతకవలసి వచ్చేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. చదువు వచ్చింది, పింఛను వచ్చింది, చేతికి ఫోను వచ్చింది. అయినా కరణంగారి స్థానంలో మరొకరిని మనమే కూర్చోబెట్టుకున్నాం. పైగా ఈ కొత్త కరణం ఏ ఊరివాడో కూడా మనకు తెలియదు.

గత నెల 14వ తేదీన ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఒకేసారి తనిఖీలు జరిపింది. తప్పుడు మినహాయింపులు చూపి రిఫండులు ఇప్పించే మధ్యవర్తుల మీద జరిగిన తనిఖీలు అవి. లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళాలు, లేని విద్యారుణం, రాని జబ్బు, కట్టని ఆరోగ్య బీమా — ఇవీ వారు రాసిపెట్టిన పద్దులు. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులను తామే సరిచేసుకుని, 1,045 కోట్ల రూపాయల మేరకు తప్పుడు కోరికలను వెనక్కి తీసుకున్నారని శాఖ ప్రకటించింది. అందులో నన్ను ఎక్కువగా కలవరపరచిన విషయం మరొకటి ఉన్నది. ఈ మధ్యవర్తులు గంపగుత్తగా రిటర్నులు వేయడానికి తాత్కాలికంగా కొన్ని ఈ-మెయిల్ చిరునామాలు సృష్టించి, పని కాగానే వాటిని వదిలివేస్తారట. శాఖ పంపిన నోటీసులు ఆ చిరునామాలకే వెళ్తాయి, తెరచి చూసే దిక్కుండదు. నోటీసు వచ్చిన సంగతి కూడా మనిషికి తెలియదు. గడువు దాటిపోతుంది.

వారు మన దగ్గరకు ఎలా వస్తారో మీకు తెలుసు. “ఫలానా మాస్టారికి పన్నెండు వేలు తిరిగి వచ్చాయట, మనకెందుకు రాకూడదు?” అన్న మాటతో మొదలవుతుంది. వచ్చిన దానిలో ఇంత శాతం ఇస్తే చాలునంటారు. ముందుగా ఏమీ తీసుకోరు కనుక మనకు నష్టం లేదనిపిస్తుంది. ఇది ఎంత నష్టమో అంకెలతోనే చూద్దాం. మీలో పెన్ను ఉన్నవారు ఈ లెక్క రాసుకోండి.

66 ఏళ్ల పింఛనుదారు ఒకరిని అనుకుందాం. నెలకు 55,000 రూపాయల పింఛను. ఏడాదికి 6,60,000. డిపాజిట్ల మీద వడ్డీ 1,20,000, పొదుపు ఖాతా వడ్డీ 8,000. ఇది 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వచ్చిన ఆదాయం. లెక్క మొదలుపెట్టేముందు నాలుగు కాగితాలు దగ్గర ఉంచుకోవాలి: పింఛను ఇచ్చినవారి ఫారం 16, బ్యాంకు ఇచ్చిన వడ్డీ ధ్రువపత్రం, అన్ని ఖాతాల పాసుపుస్తకాలు, పోర్టల్ నుంచి తీసిన వార్షిక సమాచార పత్రం, అదే ఏఐఎస్. ఏఐఎస్‌లో మన పాన్ నంబరు మీద ఎక్కడెక్కడ ఏ మొత్తం నమోదైందో కనిపిస్తుంది. అది శాఖ చూసే అద్దం. కనుక ముందుగా మనమే చూసుకోవడం మంచిది. దానిలోనూ పొరపాట్లు ఉండవచ్చు. ఉమ్మడి ఖాతా వడ్డీ ఒకరి పేరనే పూర్తిగా పడవచ్చు. అటువంటిది కనిపిస్తే అక్కడే అభ్యంతరం తెలిపే వీలున్నది.

వడ్డీ దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. “ఆ డిపాజిట్టు ఇంకా కాలం తీరలేదు, డబ్బు చేతికి రాలేదు, ఇప్పుడే ఎందుకు చూపాలి?” అని చాలామంది అడుగుతారు. బ్యాంకు ఏటేటా ఆ వడ్డీని లెక్కకట్టి, దాని మీద పన్ను కోసి, మన పాన్ మీద జమ చేస్తున్నది. కోసిన పన్నును మాత్రం చూపి, వడ్డీని చూపకపోతే రెండు పద్దులూ కలవవు. ఏటి వడ్డీని ఆ ఏడు చూపడమే సుఖం. పొదుపు ఖాతా వడ్డీ కూడా అంతే. బ్యాంకు దాని మీద పన్ను కోయదు కనుక మనం దానిని మరచిపోతాం.

ఇప్పుడు కొత్త పద్ధతిలో లెక్క. పింఛను 6,60,000 నుంచి ప్రామాణిక తగ్గింపు 75,000 తీసివేస్తే 5,85,000. దానికి వడ్డీలు 1,28,000 కలిపితే 7,13,000. ఇది మొత్తం ఆదాయం. మొదటి మూడు లక్షలకు పన్ను లేదు. మూడు నుంచి ఏడు లక్షల వరకు, అంటే నాలుగు లక్షల మీద, నూటికి 5 చొప్పున 20,000. మిగిలిన 13,000 మీద నూటికి 10 చొప్పున 1,300. వెరసి 21,300.

ఇక్కడ చాలామంది దిగులుపడతారు. ఆదాయం ఏడు లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్నే లేదు, పదమూడు వేలు దాటిన పాపానికి ఇరవై ఒక్క వేలు కట్టాలా అని. అది అన్యాయమని చట్టం రాసినవారికీ తోచింది. అందుకే ఏడు లక్షల మీద ఎంత అదనంగా ఉన్నదో, పన్ను అంతకు మించకూడదన్న ఉపశమనం పెట్టారు. మన లెక్కలో అదనం 13,000. కనుక పన్ను 21,300 కాదు, 13,000. దాని మీద నూటికి 4 చొప్పున సెస్సు 520. మొత్తం 13,520. ఈ ఉపశమనం ఎంతవరకు పనికివస్తుందో కూడా కాగితం మీదే తేల్చవచ్చు. అదనం 22,222 రూపాయలకు చేరేసరికి మామూలు పన్ను, అదనం సమానమవుతాయి. ఆపైన ఉపశమనంతో పని లేదు. ఈ కూడికలు, తీసివేతలు అయిదవ తరగతి లెక్కల కన్నా కష్టమైనవి కావు.

బ్యాంకు 1,20,000 వడ్డీ మీద నూటికి 10 చొప్పున 12,000 ముందే కోసి ప్రభుత్వానికి జమ చేసింది. 13,520 నుంచి 12,000 తీసివేయగా ఆయన కట్టవలసినది 1,520 రూపాయలు. వ్యాపారం లేని, 60 ఏళ్లు నిండినవారికి ముందస్తు పన్ను బాధ్యత లేదు కనుక గడువులోపల ఈ మొత్తాన్ని చలానా ద్వారా కట్టి, ఆ సంఖ్యను రిటర్నులో చూపితే పని ముగిసింది.

మరి ఆ పన్నెండు వేల రిఫండు ఆశ చూపినవాడు ఏమి చేస్తాడు? కొత్త పద్ధతిలో అతనికి చోటు లేదు, ఎందుకంటే మినహాయింపులు చాలావరకు అందులో లేవు. కనుక మనతో చెప్పకుండానే పాత పద్ధతిని ఎంచుకుంటాడు. పాత పద్ధతిలో ప్రామాణిక తగ్గింపు 50,000 మాత్రమే. ఆదాయం 7,38,000 అవుతుంది. పెద్దలకు వడ్డీ మీద ఇచ్చే 50,000 మినహాయింపు నిజమైనదే. ఆరోగ్య బీమాకు నిజంగానే 30,000 కట్టారనుకుందాం. అవి పోగా 6,58,000. దీని మీద న్యాయమైన పన్ను: మూడు నుంచి అయిదు లక్షల వరకు 10,000, ఆపైన 1,58,000 మీద నూటికి 20 చొప్పున 31,600, సెస్సుతో కలిపి 43,264. పాత పద్ధతిలో ఆదాయం అయిదు లక్షలకు దిగితే రిబేటు వల్ల పన్ను సున్న. అందుకని అతడు 1,58,000 రూపాయల కల్పిత పద్దులు రాస్తాడు. ఎన్నడూ పేరు వినని రాజకీయ పక్షానికి విరాళమో, ఇంటిలో లేని వికలాంగుడి పోషణో. కోసిన 12,000 తిరిగి వస్తుంది. అతని వాటా అతనికి ముడుతుంది.

ఆ పద్దులకు రుజువు చూపమని నోటీసు వచ్చిన నాడు సంగతి ఏమిటి? కల్పిత పద్దులు తొలగిపోతాయి, కానీ ఎంచుకున్న పాత పద్ధతి అలాగే నిలుస్తుంది. 13,520తో పోవలసిన పన్ను 43,264 అవుతుంది. తెలిసి తప్పు చూపినందుకు పన్నుకు రెండింతల జరిమానా విధించే అధికారం చట్టంలో ఉన్నది. రెండూ కలిస్తే లక్షా ముప్పై వేలకు దగ్గర. వడ్డీ వేరు. నోటీసు మీద మధ్యవర్తి పేరు ఉండదు. ఉండేది సంకల్పం చెప్పినవారి పేరే. సెప్టెంబరు 15 లోపల 1,520 కట్టి నిశ్చింతగా ఉండవలసిన మనిషి ఇలా చిక్కుకుంటున్నాడంటే అతడు దురాశాపరుడని నేను అనను. తన లెక్క తనకు తెలియకపోవడమే మూలం. 1,520 అన్న అంకె తన చేతితో రాసుకున్నవాడిని పన్నెండు వేల మాట కదిలించలేదు.

ఈ ఏడాది మరొక గందరగోళం కూడా విన్నాను. పన్నెండు లక్షల వరకు పన్ను లేదని ఫిబ్రవరి బడ్జెట్‌లో చెప్పారు కదా, ఇక రిటర్నుతో పనేమిటని. ఆ మాట 2025 ఏప్రిల్ 1 తరువాత వచ్చే ఆదాయానికి. ఇప్పుడు మనం చూపుతున్నది అంతకు ముందు ఏడాది ఆదాయం. దానికి హద్దు ఏడు లక్షలే. పన్ను సున్న అయినంత మాత్రాన రిటర్ను అవసరం పోదు కూడా. కొత్త పద్ధతిలో మూడు లక్షలు దాటిన ఆదాయం ఉంటే రిటర్ను వేయాలి.

మామిడితోటలు, మెట్ట పొలాలు ఉన్నవారు ఈ సభలో ఉన్నారు. వ్యవసాయ ఆదాయానికి కేంద్రప్రభుత్వ పన్ను లేదు. పొలం కౌలుకు ఇస్తే వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. అయితే అది 5,000 దాటి, పింఛను వంటి ఇతర ఆదాయం కూడా హద్దు దాటి ఉంటే, పన్ను రేటు నిర్ణయించడానికి మాత్రం దానిని కలిపి చూస్తారు. అటువంటివారికి ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. దివిసీమ వైపు, కొల్లేటి వైపు చేపల చెరువులున్న బంధువులు మీకుంటే ఒక మాట చెప్పండి: చేపల పెంపకం ఈ చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు. ఏటి ఆవల రాజధాని భూసమీకరణకు పొలం ఇచ్చినవారి సంగతి వేరు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమి సొంతదారులైన వ్యక్తులకు, ఉమ్మడి కుటుంబాలకు ఆ బదిలీ లాభం మీద పన్ను లేదని 2017లో చట్టం చేశారు. తిరిగి ఇచ్చిన ప్లాటు అమ్ముకున్నా మినహాయింపు ఉన్నది, కానీ దానికి కాలపరిమితి ఉన్నది: ప్లాటు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి రెండేళ్లు. ఆ తేదీని కాగితం మీద రాసిపెట్టుకోవడం వారికి అవసరం.

దేవాలయంలో మాట్లాడుతూ విరాళాల ఊసు ఎత్తకపోతే దోషం. అన్నదానానికి, గోపుర జీర్ణోద్ధరణకు ఇచ్చినదానికి పన్ను మినహాయింపు వస్తుందా అని ప్రతి ఉత్సవానికీ అడుగుతారు. సమాధానం రశీదులో ఉన్నది. 80జీ అనుమతి ఉన్న సంస్థకు, 2,000 రూపాయలు దాటితే నగదు రూపంలో కాక బ్యాంకు ద్వారా ఇచ్చి, పాన్ నంబరు రాయించి, ఫారం 10బీఈ తీసుకోవాలి. అదీ పాత పద్ధతి ఎంచుకున్నవారికే. కొత్త పద్ధతిలో ఈ మినహాయింపు లేదు. బియ్యం బస్తాలు ఇచ్చినా, హుండీలో వేసినా మినహాయింపుకు రాదు. హుండీ కానుకకు పేరు ఉండదు, రశీదు ఉండదు. ఎవరు ఎంత వేశారన్నది స్వామికే తెలుసు. ఆ గుప్తదానాన్ని తెచ్చి మరొక ఏటి పద్దులో చూపాలనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇంకొందరు వెయ్యి ఇచ్చి పదివేలకు రశీదు అడుగుతారు. ఏ సంస్థ అటువంటి రశీదు ఇచ్చినా, ఆ సంస్థ ప్రభుత్వానికి పంపే పట్టికలో దాత పాన్ నంబరు, మొత్తం చేరుతాయి. రెండు చోట్లా ఒకే అబద్ధం రాయవలసి వస్తుంది.

రామదాసు కథ మనకు తెలియనిది కాదు. మన బెజవాడ కొండ దిగువన గుహలకు పేరై నిలిచిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని చెబుతారు. పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వసూలు చేసిన సర్కారు సొమ్ముతో గోపన్న భద్రాద్రిలో గుడి కట్టించాడు, గోల్కొండ చెరసాలలో మగ్గాడు. మనం ఆ చెర గురించి కన్నీటితో వింటాం. కానీ కథ ముగింపులో ఒక చిన్న విషయాన్ని గమనించకుండా దాటిపోతాం. రామలక్ష్మణులు మారువేషంలో తానీషా దగ్గరకు వెళ్లి ఆరు లక్షలూ లెక్కపెట్టి చెల్లించి, ఊరకే తిరిగి రాలేదు. చెల్లుచీటీ రాయించుకున్నారు. భక్తుడి మీద ప్రేమ ఎంత ఉన్నా, ఖజానా బాకీని స్వామి రద్దు చేయించలేదు, నాణెంతో తీర్చాడు, రశీదు తీసుకున్నాడు. లెక్కలు రాసి జీవితం గడిపినవాణ్ణి కదా, నాకు ఆ కథలో ఆ చీటీ ఎప్పుడూ ప్రత్యేకంగా కనిపిస్తుంది.

గత సంవత్సరాల్లో ఎవరైనా మీ పేరు మీద తప్పుడు పద్దులు వేశారని ఇప్పుడు తెలిసిందనుకోండి. భయపడి ఊరుకోవద్దు. సవరించిన రిటర్ను వేసుకునే వ్యవధిని ఈ ఏడాది చట్టం నాలుగేళ్లకు పెంచింది. కట్టవలసిన పన్ను, వడ్డీల మీద అదనంగా మొదటి ఏడాదిలో నూటికి 25, రెండవ ఏడాదిలో 50, తరువాత 60, 70 చొప్పున చెల్లించాలి. ఆలస్యమైనకొద్దీ బరువు పెరుగుతుంది. నోటీసు రాకముందే వెళ్లడంలోనే మేలు. అన్నిటికన్నా ముందు పోర్టల్‌లో మీ పేరు మీద ఏ ఫోను నంబరు, ఏ ఈ-మెయిల్ నమోదై ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి. అవి మీవి కాకపోతే మార్చుకోండి. సంకేతపదం కాగితం మీద రాసి ఎవరికీ ఇవ్వవద్దు. రిటర్ను దాఖలు చేసిన 30 రోజుల్లోపు ధ్రువపరచాలి. ఓటీపీతో కుదరనివారు రసీదు పత్రంపై సంతకం చేసి బెంగళూరులోని కేంద్రానికి తపాలాలో పంపవచ్చు.

ఇక చివరిగా తల్లులతో ఒక మాట. మన ఇళ్లలో డిపాజిట్లు చాలావరకు ఇల్లాలి పేరు మీద ఉంటాయి. భర్త తన సొమ్ము భార్య పేరున వేస్తే దాని వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుందన్న సంగతి ఆ ఇద్దరికీ తెలియదు. ఆమె పేరున ఫారం 15హెచ్ మీద సంతకం మాత్రం ఏటా జరిగిపోతుంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనే చూసుకున్నారు. ఆయన పోయిన తరువాత ఆ కాగితాల సంచి ఎవరి చేతికి వెళ్తుంది? కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. సంచి నెట్ సెంటరుకు వెళ్తుంది.

కుటుంబ పింఛను లెక్క చాలా చిన్నది. నెలకు 25,000 వచ్చే తల్లికి ఏడాదికి మూడు లక్షలు. అందులో మూడవ వంతు, లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గించాలి. మూడవ వంతు లక్ష కనుక 25,000 తగ్గిస్తే 2,75,000. డిపాజిట్ల వడ్డీ 90,000 కలిపితే 3,65,000. మూడు లక్షలు పోగా 65,000 మీద నూటికి 5 చొప్పున 3,250. ఏడు లక్షల లోపు కనుక రిబేటుతో అదీ పోతుంది. పన్ను సున్న. కానీ బ్యాంకు ఆమె వడ్డీలో 9,000 కోసి ఉంటుంది. ఆ తొమ్మిది వేలూ ఆమెవి. ఎవరి చాకచక్యంతోనూ రావలసినవి కావు, ఎవరికీ వాటా ఇవ్వవలసినవి కావు. ఆమెకు 60 ఏళ్లు నిండి ఉంటే, వచ్చే ఏప్రిల్‌లోనే 15హెచ్ ఇచ్చి ఆ కోత లేకుండా చేసుకోవచ్చు.

మా వీధిలో ఒక తల్లి ఉన్నారు. పేరు చెప్పను, ఆమెకు ఇష్టం ఉండదు. ఎనిమిదవ తరగతి వరకే చదివారు. భర్త పోయిన ఏడాది కాగితాల సంచి పట్టుకుని వచ్చారు. పాలవాడి లెక్క, చాకలి పద్దు, శ్రావణ శుక్రవారాల ఖర్చు గోడ క్యాలెండరు మీద నలభై ఏళ్లు రాసిన మనిషి ఆమె. ఒక గంటలో ఈ లెక్క తామే వేశారు. మనుమరాలు అమెరికా నుంచి ఫోనులో చూస్తూ అంకెలు ఎక్కించింది. రెండు చోట్లా ఒకే మొత్తం వచ్చినప్పుడు ఆమె మనుమరాలిని, “నీ యంత్రం సరిగ్గానే వేసిందే!” అన్నారు.

వచ్చే రెండు ఆదివారాలు సాయంత్రం హారతి తరువాత నేను ఈ మంటపంలోనే కూర్చుంటాను. పాసుపుస్తకం, వడ్డీ ధ్రువపత్రం, ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు తెచ్చుకోండి. ఫోను తెచ్చినా మంచిదే, కానీ ఓటీపీ నాకు చెప్పవద్దు.